బెల్లం పెనంలో ఖండాలు

నా కాలేజీ స్నేహితురాలు కామేశ్వరి తన తోలుసంచిలోంచి అట్టముక్కలు తీసి, మా నడవలో పరిచిన చాప మీద ఆఫ్రికాను పెట్టి, దక్షిణ అమెరికాను దాని పక్కకు మెల్లగా జరిపింది. రెండు ముక్కల అంచులూ ఒకదాని వంపులో ఒకటి ఒదిగిపోయాయి. అంతవరకు నా ఒళ్ళో తలపెట్టి పడుకున్న మా పెద్దమ్మాయి రేవతి లేచి, చాప దాకా పాకి, ఆ అతుకు మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రాసింది. "పిన్నీ, దీన్ని ఎవరు విడదీశారు?" అని అడిగింది. ఏదో అపాయం వచ్చిందని నాకు మొదట తోచింది సరిగ్గా అప్పుడే. పిల్ల తల ఆనిన చోట నా చీర ఇంకా వెచ్చగా ఉంది.

మా ఇంట్లో నా భయాలు అందరికీ తెలిసినవే. పెరట్లో నుయ్యి అంటే భయం, నర్సీపట్నం దాటి మన్యం వైపు నుంచి వచ్చే చలిజ్వరం అంటే భయం, పిల్లల్లో ఒకరు తుమ్మితే రెండోవారి నుదురు కూడా పట్టి చూస్తాను. చిన్నది చిట్టి నాలుగేళ్ళది, నిద్రలో కాస్త మెల్లగా ఊపిరి తీస్తే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. మా వారు కోర్టు నుంచి వస్తూనే, "ఈవేళ ఎన్ని గండాలు గడిచాయి?" అని నవ్వుతారు. ఆయన ప్లీడరు. నా భయాలన్నీ సాక్ష్యం లేని కేసులంటారు. కాని ఆ రోజు నడవలో కలిగినది పిల్లల కోసం పడ్డ భయం కాదు. పిల్ల బాగానే ఉంది. కళ్ళు మెరుస్తున్నాయి. అపాయం నాకు వచ్చింది. ఎందుకంటే ఆ అట్టముక్కలు నావి.

అట్ట నాది కాదు. అట్ట కామేశ్వరిదే, పైన పూసిన పసుపుపచ్చ రంగూ ఆమెదే. కాని ప్రపంచపటాన్ని కత్తిరించి ముక్కల్ని జరిపి చూపించడం నేను చేసిన పని. ఎనిమిది తొమ్మిదేళ్ళ కిందట, మద్రాసులో, ఆడపిల్లల కాలేజీ హాస్టలు డాబా మీద, కామేశ్వరి కళ్ళెదుటే చేశాను. ఇప్పుడామె మా వారి వైపు తిరిగి, "పిల్లలకు మాటలతో చెబితే ఎక్కదండీ ప్లీడరుగారూ, అందుకని ఈ ఉపాయం కనిపెట్టాను" అంది. అబద్ధం చెప్పాలని అన్నది కాదు. ఆమె ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది, నిజంగా మరిచిపోయింది. అబద్ధమైతే నాకింత కష్టంగా ఉండేది కాదు.

ఆ హాస్టలు ఇప్పుడు తలుచుకుంటే మొదట గుర్తొచ్చేది వాసనలే. శనివారం కుంకుడుకాయ పులుసు వాసన, వంటింట్లో తెల్లవారకముందే పొంగే ఇడ్లీ ఆవిరి, సముద్రపు గాలికి ఉబ్బిన పుస్తకాల అట్టల వాసన. మమ్మల్ని కనిపెట్టుకుని ఉండే తమిళ ముసలమ్మను అందరం పెద్దమ్మ అనేవాళ్ళం. దీపాలు ఆర్పమన్నాక ఎవరైనా వెలిగించి చదివారేమోనని తెల్లారి ప్రతి గదిలోకి వచ్చి లాంతరు చిమ్నీ మీద అరచెయ్యి పెట్టి చూసేది. వేడి తగిలితే ఆ గదివాళ్ళకు మధ్యాహ్నం పెరుగు ఉండదు. నేనూ కామేశ్వరీ తడిగుడ్డతో చిమ్నీ తుడిచి చల్లార్చడం నేర్చుకున్నాం. మా ఇద్దరిదీ ఒకటే గది, ఒకటే బెంచీ. నాకు అప్పటికే పెళ్ళయింది. మా వారు ప్లీడరు పరీక్షకు చదువుతూ, నన్నూ చదువుకోమని మద్రాసు పంపించారు. కామేశ్వరికి పదకొండో ఏటనే పసుపు కుంకుమలు పోయాయి. ఆమె అన్నగారు ఊళ్ళో అందరినీ కాదని చెల్లెలి జుట్టు తీయించకుండా రైలెక్కించి, కాలేజీలో చేర్చి వెళ్ళాడు. నలుగురిలో కూర్చున్నప్పుడు నేనే పైనున్నదాన్ని అనిపించేది నాకు. మార్కుల్లోనూ నేనే పైన.

చదివే గదిలో ఇంగ్లీషు పత్రికలు ఓడ మీద వచ్చి, రెండు నెలలు పాతబడి మా చేతికందేవి. అందులో ఒకదాంట్లో చదివాను. ఒక జర్మను శాస్త్రజ్ఞుడు అంటున్నాడట: ఈ ఖండాలు ఇప్పుడున్న చోట ఎప్పుడూ లేవు. అన్నీ ఒకప్పుడు ఒకే ముద్ద. ముద్ద పగిలి, ముక్కలు మెల్లమెల్లగా దూరంగా జరిగాయి, ఇంకా జరుగుతూనే ఉన్నాయి. మన దేశం ఎక్కడో దక్షిణాన మంచు ఖండానికి ఆనుకుని ఉండేది, విడివడి పైకి వచ్చి ఉత్తరపు నేలను గుద్దింది, ఆ గుద్దుకు లేచిన ముడతే హిమాలయం. మనం నిలబడే నేల పైపెంకు మాత్రమే, దానికి అతుకులున్నాయి, అతుకుల దగ్గరే భూమి కంపిస్తుంది, కొండలు లేస్తాయి. చదువుతూంటే నా కాళ్ళు చల్లబడ్డాయి. పత్రిక అక్కడే వదిలి గదికి పరుగెత్తి, నాన్న కొనిచ్చిన అట్లాసు తీసి, ఎంబ్రాయిడరీ కత్తెరతో ప్రపంచపటం పేజీని కత్తిరించాను. తొందరలో ఆఫ్రికా కొస ఒకటి తెగిపోయింది. జుట్టు ఆరబెట్టుకుంటున్న కామేశ్వరి ఎదుట డాబా మీద ముక్కలు పరిచి, గాలికి ఎగిరిపోకుండా గుప్పెడు కుంకుడు గింజలు బరువు పెట్టి, జరిపి చూపించాను.

ఆమె చూసి పకపకా నవ్వింది. "అయితే మన మెస్సులో దోసెలన్నీ కూడా ఒకప్పుడు ఒకే దోసె అన్నమాట!" అంది. పక్కనున్న అమ్మాయిలు కూడా నవ్వారు. వారం రోజులు భోజనాల దగ్గర ఎవరి విస్తట్లో దోసె పడినా, "మాణిక్యం, ఇది ఏ ఖండం?" అని అడిగేవారు. నేను ముక్కల్ని అట్లాసులోనే పెట్టి మూసేశాను. ఎవరి దగ్గరా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ తరువాత కొద్ది నెలలకే నాకు వేవిళ్ళు మొదలయ్యాయి. పెద్దమ్మ నా ముఖం చూసే కనిపెట్టింది, చిమ్నీ చూసినట్టే. బి.ఏ. మొదటి ఏడు సగంలో పెట్టె సర్దుకుని వచ్చేశాను. రేవతి పుట్టింది. నా చదువు ఆగినందుకు దాన్ని ఒక్కరోజూ ఏమీ అనలేదు. అనుకోలేదని మాత్రం రాయలేను.

కామేశ్వరి బి.ఏ. అయింది, పై పరీక్ష అయింది, మద్రాసులోనే భూగోళం చెప్పే లెక్చరరు అయింది. మా కొండల రాళ్ళు కావాలని వారం రోజులు సెలవు పెట్టి, యలమంచిలిలో రైలు దిగి, దుమ్ము కొట్టుకుపోయిన మోటారు బస్సులో మా ఇంటికి వచ్చింది. రెండు పెట్టెలు తెచ్చింది. ఒకటి బట్టలకు, రెండోది ఖాళీ, రాళ్ళకు. కాళ్ళకు తోలు జోళ్ళు, మణికట్టుకు గడియారం, తెల్లటి చీర మీద ఒక్క పసుపు మరక లేదు. నేను గుమ్మంలో నిలబడి ఆమె చేతివేళ్ళు చూశాను. చూపుడువేలికి సిరా అంటి ఉంది. నా వేలికి ఆ పూట మెంతులు దంచిన వాసన. నాకు జోళ్ళు అక్కర్లేదు, గడియారం అక్కర్లేదు. ఆ సిరా మరక మాత్రం కావాలనిపించింది.

మా అత్తగారు మొదటిరోజే నన్ను వంటింట్లోకి పిలిచి, "ఏటే మాణిక్యం, పొద్దున్నే ఆవిడ నాకెదురు రాకుండా సూడు. పూజ కానీ" అని గొంతు తగ్గించి చెప్పారు. ఆవిడ చెడ్డమనిషి కాదు, అలా పెరిగారు. కామేశ్వరి వినకపోయినా గ్రహించింది. మర్నాటి నుంచి అత్తగారి గంట ఆగేదాకా గదిలోనే కూర్చుని, ముందురోజు ఏరుకొచ్చిన రాళ్ళ మీద చీటీలు అంటించుకునేది. అది చూసి నాకు కోపం రావలసింది. వచ్చిన మాట నిజమే, కాని దానికి ముందు ఇంకొకటి వచ్చింది, ఒక చిన్న తృప్తి. ఆ తృప్తిని ఇక్కడ దాచదలచుకోలేదు. జీవితంలో అంత పోగొట్టుకున్న మనిషిని చూసి నేను ఈర్ష్యపడ్డాను. పెళ్ళి, పిల్లలు, ఇల్లు, నుదుట బొట్టు, నాకు అన్నీ ఉండి ఈర్ష్యపడ్డాను. ఇవేవీ లేకపోయినా లోకం ఆమెకు ఒక్కటి మిగిల్చింది, ఆ చదువు, అది నాది అనిపించేది.

భోజనాల దగ్గర మరీ ఇదిగా ఉండేది. మా వారు కోర్టు సంగతులు తప్ప మరొకటి మాట్లాడగా నేను చూడలేదు. ఆ వారం విస్తరి ముందు కూర్చుని పిల్లాడిలా ప్రశ్నలు వేసేవారు. "అయితే కామేశ్వరిగారూ, మన కోర్టు వెనక కొండలో ఆ దానిమ్మ గింజల్లాంటి ఎర్రరాళ్ళు..."

"లోతుల్లో, విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో ఉడికినవండీ అవి. ఆ లోతు ఇప్పుడు పైకి వచ్చిందంటే పైన ఎన్ని మైళ్ళ కొండ అరిగిపోయి ఉండాలో చూడండి."

"అంటే మేం రోజూ ఒక పాత కొండ అడుగున వాదిస్తున్నామన్నమాట! విన్నావా మాణిక్యం?"

"వింటున్నాను. పులుసు వెయ్యనా?" అన్నాను.

"మాణిక్యానికి అప్పట్లో ఇవంటే భలే ఇష్టం ఉండేది" అంది కామేశ్వరి. ఉండేది, అంది. నేను గరిటె నిండా పులుసు పోశాను. ఆమె చాలు చాలంటున్నా పోశాను.

మూడోనాడు ఆమె నన్ను పెరట్లో పట్టుకుని అడిగింది. రేవతి వంటి బుర్ర తాను చూడలేదట. ఇక్కడి బడిలో ఇంకా రెండేళ్ళుంటే ఆగిపోతుందట. తనతో మద్రాసు పంపితే మంచి బడిలో వేసి, తన ఇంట్లోనే ఉంచుకుని, సెలవులకు తానే తెచ్చి దింపుతుందట. "బలవంతం కాదు మాణిక్యం. నేను వెళ్ళే రోజు పొద్దుటికి చెప్పు. సీటు అట్టేపెట్టమని రాయాలి, జూన్‌లో బడులు తెరుస్తారు." మా వారు అప్పటికే సగం ఒప్పుకున్నారు. అత్తగారు, "ఆడపిల్లని ఊరు కాని ఊరు పంపుతారేటి, నాలుగేళ్ళు పోతే పెళ్ళీడు కాదా" అన్నారు గాని, చివరకు, "కన్నదానివి నువ్వు. నీ మాటే కానీ" అని తేల్చారు. అందరూ నా వైపు చూశారు. నేను జ్వరాలన్నాను, మశూచి అన్నాను, సముద్రపు నీళ్ళు పడవన్నాను. నేనెప్పుడూ అనే మాటలే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నిజం ఏమిటంటే, ఇంతకుముందు నా ఊహ తీసుకుంది, ఇప్పుడు నా కూతుర్ని తీసుకుంటోంది అని నా లోపల ఒకటే మాట తిరుగుతోంది. నా భయం నాకు ఇంత పనికొస్తుందని అదివరకు తెలియదు.

ఆమె వెళ్ళే ముందురోజు అందరం బండి కట్టించుకుని రోలుగుంట దగ్గర మా చెరుకు పొలానికి వెళ్ళాం. మాఘమాసం, గానుగ ఆడుతోంది. అత్తగారికి ఆ రోజులు పండుగ. కొత్త బెల్లం దిమ్మల్ని ఒక్కొక్కటే వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి, వైద్యుడు రొమ్ము విన్నట్టు విని, "ఇది నిలుస్తాది. ఇది శ్రావణానికి కారిపోతాది, బేగి అమ్మేయండి" అని చెబుతారు. తప్పడం నేను చూడలేదు. పొలం గట్టున దిగగానే కామేశ్వరి సుత్తి తీసుకుని ఒక బండరాయి దగ్గరకు వెళ్ళింది. నేనూ పిల్లలూ పాక నీడన నిలబడ్డాం. నేలలో తవ్విన పొయ్యి మీద ఆరుగురు చుట్టూ నిలబడగలిగేంత పెనం, దాని నిండా మరిగే రసం, కింద చెరుకుపిప్పి మంట. పెనం చూసేది అప్పలనాయుడు. మా మామగారి కాలం నుంచి పాకం ఆయన చేతిదే.

నేను దారిలో ఒక సంగతి విన్నాను. బండిలో కామేశ్వరి చెప్పింది. కిందటేడు పెద్ద పెద్ద ప్రొఫెసర్ల సభలో ఈ ఖండాల సంగతి చదివిందట. వాళ్ళు నవ్వారట. "అమ్మా, దేశాలు కదిలాయంటున్నావు సరే. తోసినది ఎవరు?" అని ఒకాయన అడిగాడట. "నా దగ్గర జవాబు లేదు మాణిక్యం. ఆ జర్మను ఆయన చెప్పిన శక్తి చీమ బండరాయిని తోసినట్టుంది. అదొక్కటి దొరికితే..." అని ఆగి, బయటికి చూసింది. సభలో నవ్వారన్నప్పుడు ఆమె గొంతు కొంచెం తగ్గింది. నాకు డాబా మీది నవ్వు గుర్తొచ్చింది. జాలి పడకుండా గుర్తుచేసుకున్నాను.

ఇప్పుడు పెనం ఎదుట నిలబడి రేవతి అడుగుతోంది. "నాయుడు తాతా, ఆ తెట్టు అంతా అటే పోతోందేం?"

"మంట ఇటు ఎగేసినాను గదా బుల్లమ్మా. మంట ఉన్నకాడ రసం కింద్నుంచి పైకి లెగుస్తాది. లెగిసి అటూ ఇటూ పోతాది. తెట్టుకి కాళ్ళున్నాయేటి? రసం ఎటు తీసుకెల్తే అటెల్తాది."

"అక్కడికెళ్ళాక?"

"ఆ అంచు కాడ సల్లబడి రసం కిందకి మునుగుతాది. తెట్టు మునగదు, తేలిక. అక్కడ పోగవుతాది. అప్పుడు తోడేత్తాం. ఇటు సూడు." ఆయన పొడుగాటి కర్రతో పిప్పిని పొయ్యి నడిమికి తోశాడు. కాసేపటికి పెనం నడిమధ్య రసం ఉబికింది. దాని మీద ఒక్క చాపలా పరుచుకున్న తెట్టు నడిమికి చీలింది. రెండు ముక్కలూ ఒకదాన్నుంచి ఒకటి నెమ్మదిగా దూరమయ్యాయి. చీలిన అంచులు చూశాను. ఒక దాని వంపు రెండో దానిలో ఉంది. ఒక ముక్క వెళ్ళి అంచున పోగైన పాత తెట్టును ఒరుసుకుని ఆగింది, ఆగిన చోట సన్నటి ముడత లేచింది.

నాకు ఒళ్ళంతా మళ్ళీ ఆ చదివే గదిలోలా చల్లబడింది. ఖండాలను ఎవరూ పక్కనుంచి తోయక్కర్లేదు. కిందినుంచి వేడి తిప్పుతోంది. పైపెంకు కూర్చుని ప్రయాణం చేస్తోంది. భూమి లోపల రసం లేదు, రాయే ఉంది, అంటారు పెద్దలు. ఉండనీ. అత్తగారు నిలవదన్న దిమ్మ కూడా రాయే కదా, కత్తిపీటకు లొంగదు, శ్రావణంలో అటక మీద దానంతటదే కిందికి జారుతుంది. లక్షల ఏళ్ళ సమయమిచ్చి, కింద అంత మంట పెడితే రాయి మాత్రం కదలదా? నిజమో కాదో నాకు తెలియదు. తేల్చడానికి కావలసిన చదువు నా దగ్గర లేదు. కాని కామేశ్వరి దగ్గర ఉంది. ఆమె సుత్తి సంచిలో వేసుకుని గట్టు మీదుగా పాక వైపే వస్తోంది. ఇరవై అడుగులు వేస్తే చాలు.

"పిన్నీ!" అని అరిచింది రేవతి. "బేగి రా! ఇక్కడ దేశాలు..."

నేను పిల్ల చెయ్యి పట్టి ఒక్క లాగు లాగాను. "పెనంలో పడతావే! ఎన్నిసార్లు చెప్పాలి! కాలిపోయి చస్తావు!" అని కేకలు పెట్టాను. అది పెనానికి రెండు బారల దూరంలో ఉంది. దాని మోచెయ్యి పాక గుంజకు కొట్టుకుని, ఏడుపు అందుకుంది. అక్క ఏడుపు చూసి చిట్టి కూడా ఏడ్చింది. అత్తగారు పరుగెత్తుకొచ్చి, "పెనం కాడికి పిల్లల్ని తెస్తారేటే, దాని భయం దానిది" అని నన్నే సమర్థించారు. మా వారు తల ఊపారు. కామేశ్వరి కూడా, "అవును రేవతీ, అమ్మ మాట విను" అంది. నేను అందరినీ అటు దూరంగా, గానుగ దగ్గరికి, చెరుకురసం తాగడానికి తీసుకుపోయాను. కామేశ్వరి చేతికి లోటా నేనే ఇచ్చాను. ఆమె పెనం వైపు వీపు పెట్టి కూర్చునేలా పీట వేశాను.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో రేవతి నా పక్కకు జరిగి, చెవిలో, "అమ్మా, తెట్టు విడిపోయింది చూశావా? పిన్ని అట్టముక్కల్లాగే. కింద మంట ఉండబట్టే కదా?" అంది. ఏడేళ్ళ పిల్ల. మద్రాసులో పెద్దలకు తోచని మాట. నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా, ఒక్క క్షణం. ఆ తరువాత, ఇది ఇప్పుడు కామేశ్వరి చెవిన పడితే రేపు మద్రాసులో ఆమె మాట అవుతుంది అనుకున్నాను. "పిచ్చి మాటలు. తెట్టుకీ దేశాలకీ సంబంధం ఏమిటి? పిన్నితో అంటే నవ్వుతుంది" అన్నాను. రేవతి చిట్టి వైపు జరిగింది. ఇల్లు చేరేదాకా ఆ మాటను నేను ఒక్కదాన్నే లోపల పెట్టుకుని కూర్చున్నాను. ఆ మూడు కోసుల దారి నేను మళ్ళీ కాలేజీ మనిషిని. ఎదురుగా కూర్చున్న లెక్చరరుకు తెలియనిది నాకు తెలుసు. అంత సుఖం నాకు చాలా ఏళ్ళుగా లేదు.

సాయంకాలం కామేశ్వరి ఆ రోజు దొరికిన రాయి తీసి, దీపం దగ్గర పెట్టి, "రేవతీ, ఇందులో ఎర్ర గింజలు ఎటు సాగి ఉన్నాయో చెప్పు" అంది. అంతకు ముందురోజైతే పిల్ల ఆమె భుజమెక్కి ఉండేది. ఇప్పుడు దూరంగా నిలబడింది. "ఏం, ఈవేళ ప్రశ్నలు లేవా?" అంది కామేశ్వరి. రేవతి నోరు తెరిచింది. తెరిచి, ముందు నా ముఖం చూసింది. చూసి, లేవన్నట్టు తల అడ్డంగా ఆడించింది.

నేను ఆ చూపును ఎరుగుదును. డాబా మీద అట్లాసు మూసేసిన అమ్మాయి చూపు అది. అప్పుడు నన్ను చూసి నవ్వినది కామేశ్వరి, నాకు పంతొమ్మిదేళ్ళు, నోరు మూసుకోవాలన్నది నేనే నిర్ణయించుకున్నాను. ఇక్కడ పిల్లకు ఏడేళ్ళు, నోరు మూయించినది తల్లి. కామేశ్వరి నా నుంచి తీసుకున్నది తనకు తెలియకుండా తీసుకుంది. నేను నా కూతురి దగ్గర తెలిసి తీసుకున్నాను. నూతికి, జ్వరానికి, మశూచికి ఇన్నేళ్ళు కాపలా కాశాను. ఇంట్లో పిల్లకు ఎదురైన అపాయం నేనేనని ఒక్కసారీ అనుమానించలేదు. ఆమె దగ్గరుంటే పిల్ల అడుగుతుంది, నా దగ్గరుంటే నా ముఖం చూసి ఆగిపోతుంది. ఇది తేల్చడానికి ప్లీడరు అక్కర్లేదు.

ఇది జరిగి రెండు నెలలైంది. పిల్లలు పడుకున్నాక, చిమ్నీ తుడిచి, రోజుకు కాస్త రాస్తున్నాను. అప్పటికీ ఇప్పటికీ తూచి చూస్తే, కాలేజీలో ఉన్న మాణిక్యం నాకంటే తెలివైనది, నాకంటే ధైర్యం లేనిది. ఈర్ష్య పోయిందని రాయలేను. పోలేదు. కామేశ్వరి ఉత్తరం వచ్చిన రోజు కవరు మీద ఆమె దస్తూరీ చూసి, ఇప్పటికీ కవరు వెంటనే విప్పను. నాది కావలసిన బల్ల ముందు ఆమె కూర్చుని రాసింది అనిపిస్తుంది. అలా అనిపిస్తూనే ఉత్తరం విప్పి, రేవతి వినేలా బిగ్గరగా చదువుతాను.

పొలం నుంచి వచ్చిన మర్నాడు, కామేశ్వరి వెళ్ళే రోజు పొద్దున్న, అత్తగారి పూజగంట ఇంకా ఆగలేదు. కామేశ్వరి గదిలో పెట్టె తాళం వేస్తోంది, బండి వీధిలో నిలబడి ఉంది. నేను పిల్లలిద్దరినీ పెరటి మెట్ల మీద కూర్చోబెట్టి, రేవతికి జడ వేస్తూ చెప్పాను: "నిన్న పెనంలో నువ్వు చూసింది నిజమే. నేనూ చూశాను. పిచ్చి మాట అన్నది అబద్ధం. నువ్వు పెనంలో పడతావని నేను అరవలేదు, పిన్నికి నువ్వు చెప్పేస్తావని అరిచాను. అమ్మకు ఆవిడ మీద ఈర్ష్య. చిట్టీ, ఈర్ష్య అంటే నీ లడ్డూ అక్క తింటోందని నువ్వు ఏడుస్తావే, అదే, పెద్దవాళ్ళు బయటికి ఏడవరు. ఇప్పుడు గంట ఆగేదాకా చూడక్కర్లేదు, ఇద్దరూ గదిలోకి వెళ్ళండి. రేవతీ, నాయుడు తాత మంట ఎటు తోస్తే తెట్టు ఎటు పోయిందో మొదటి నుంచి చెప్పు. పిన్ని నవ్వినా ఆపకు, నా ముఖం కోసం వెనక్కి చూడకు. అంతా చెప్పాక, జూన్‌లో బడికి వస్తానని చెప్పు. అమ్మ సరేనంది అని చెప్పు."